కంప్యూటరుకు కొత్త కూర్పు: పెట్టిన డబ్బుకు ఫలం ఉన్నదా?

ఇంట్లోకి కంప్యూటరు కొనడంతో ఖర్చు తీరిపోయిందని మనలో చాలామంది అనుకుంటాము. బీరువా కొంటే రెండు తరాలు ఉంటుంది. కుట్టుమిషను కొంటే అప్పుడప్పుడు నాలుగు చుక్కల నూనె వేస్తే చాలు, తల్లి చేతినుంచి కూతురి చేతికి వస్తుంది. కంప్యూటరు సంగతి అట్లా కాదు. కొన్న కొన్నేళ్ళకే “మీ ఆపరేటింగ్ సిస్టం పాతబడింది, కొత్తది వేసుకోండి” అని తెరమీద ప్రకటన వస్తుంది. నిన్నటిదాకా చక్కగా నడిచిన వస్తువు తెల్లవారేసరికి పాతదెట్లా అయిందో ఇంటివారికి బోధపడదు. వేసుకోవాలా, వద్దా? డబ్బు పెట్టమంటే పెట్టాలా? పెడితే ఏమి వస్తుంది, పెట్టకపోతే ఏమి పోతుంది?

2025 అక్టోబరు 14వ తేదీన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీవారు మామూలు మరమ్మతులు ఆపివేసినప్పటినుంచి ఈ ప్రశ్న మన ఇళ్ళలో మరీ తరచుగా వినబడుతున్నది. పిల్లలు “తప్పకుండా మార్చాలి” అంటారు. పెద్దలు “పనిచేస్తున్నదాన్ని కదిలించడమెందుకు?” అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజమున్నది. ఏది ఎంత నిజమో తూచి చూడడమే ఈ వ్యాసం పని.

మరమ్మతు వేరు, కొత్త కూర్పు వేరు

ముందుగా ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో చెప్పుకుందాము. పెళ్ళివారింట వంటవారు వేరు, మేళగాళ్ళు వేరు, వడ్డించేవారు వేరు. ఎవరి పని వారిదే. కాని కొట్టుగది తాళంచెవి దగ్గర పెట్టుకొని, ఎవరికి ఎంత సరుకు ఇవ్వాలో, ఎవరు ముందు, ఎవరు వెనకో, లోపలికి ఎవరిని రానివ్వాలో, ఎవరిని రానివ్వకూడదో చూసే పెళ్ళిపెద్ద ఒకడుండాలి. అతడు లేనిదే ఎంత గొప్ప వంటవాడైనా పొయ్యి వెలిగించలేడు. కంప్యూటరులో ఉత్తరాలు రాసే ప్రోగ్రాము, లెక్కలు వేసే ప్రోగ్రాము, ఫోటోలు చూపే ప్రోగ్రాము పనివాళ్ళయితే, ఆపరేటింగ్ సిస్టం పెళ్ళిపెద్ద. విండోస్, ఆపిల్‌వారి మాక్, లినక్స్ అనేవి ఇట్టి పెద్దల పేర్లే.

ఈ పెద్దకు సంబంధించి కంపెనీలవారు మనకు రెండు రకాల వస్తువులు పంపుతుంటారు. రెండూ ఒకటేనని పొరబడడంవల్లనే సగం చిక్కులు వస్తున్నవి. మొదటిది మరమ్మతు. గోడలో పగులు కనబడితే సున్నం పూసినట్లు, దొంగలు దూరగల సందు ఒకటి బయటపడితే దాన్ని పూడ్చి పంపుతారు. ఇది నెలనెలా ఉచితంగా వస్తుంది. రెండవది కొత్త కూర్పు. పుస్తకానికి రెండవ కూర్పు, మూడవ కూర్పు వేసినట్లు, వ్యవస్థనంతా తిరగరాసి, కొత్త హంగులు చేర్చి, కొత్త పేరు పెట్టి పంపుతారు. ఒకప్పుడు డబ్బు అడిగినది ఈ రెండవదానికే.

మరమ్మతు వద్దనడం తెలివిగాదు. కొత్త కూర్పు వెంటనే కావాలనడం కూడా తెలివిగాదు. ఈ రెంటికీ ముడి ఎక్కడ పడుతుందంటే, పాత కూర్పుకు మరమ్మతులు ఆపివేసిన రోజున. ఆ రోజువరకు కొత్త కూర్పు మన ఇష్టం. ఆ తరువాత అది అవసరం. కాబట్టి చూసుకోవలసినది కొత్తది ఎప్పుడు వచ్చిందన్నది కాదు, పాతదానికి మరమ్మతులు ఎప్పటివరకు వస్తవన్నది.

డబ్బు పెట్టి కొన్న కాలం

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చినప్పుడు దానిని అట్టపెట్టెలో పెట్టి, పుస్తకం అమ్మినట్లు దుకాణాలలో అమ్మారు. అమెరికాలో అర్ధరాత్రివేళ దుకాణాలముందు వరుసలు కట్టినవారున్నారు. 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. పాతది ఉన్నవారు ఇంటి కూర్పుకు మారడానికి అక్కడ 99 డాలర్లు. 2007 జనవరిలో విస్టా వచ్చింది. అందులో ఇళ్ళవారు ఎక్కువగా కొనే రకానికి 159 డాలర్లు. 2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చింది. అదే రకానికి సుమారు 120 డాలర్లు. ఈ మూడూ వరుసగా కొన్న గృహస్థుకు మొత్తం 378 డాలర్లయినవి.

ఇప్పుడు ఇంకొక గృహస్థును చూడండి. అతడు ఎక్స్‌పీ కొన్నాడు, విస్టా కొనలేదు, నేరుగా విండోస్ 7కు వెళ్ళాడు. ఎక్స్‌పీ ఉన్నవారికి కూడా 7ను తగ్గింపు ధరకే ఇచ్చారు. కాకపోతే పాతదాన్ని తుడిచివేసి కొత్తగా పెట్టుకోవలసి వచ్చింది. అతనికి 159 డాలర్లు మిగిలినవి. పోయినదేమైనా ఉన్నదా? ఏమీ లేదు. ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8వ తేదీదాకా వచ్చినవి. విస్టాకు మారినవారిలో పెక్కుమంది జ్ఞాపకశక్తి చాలని యంత్రాలతోను, పలకని ప్రింటర్లతోను అవస్థలు పడ్డారు. మధ్యమెట్టు దాటివేసినవాడు డబ్బూ మిగుల్చుకున్నాడు, మనశ్శాంతీ మిగుల్చుకున్నాడు.

ఆపిల్‌వారి కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2001లో వారి మాక్ ఓఎస్ పది వచ్చింది. ఖరీదు 129 డాలర్లు. ఆ తరువాత 2002లో, 2003లో, 2005లో, 2007లో వచ్చిన కూర్పులకు కూడా ఒక్కొక్కదానికి అదే ధర. ఐదింటినీ కొన్నవారు ఆరేళ్ళలో 645 డాలర్లు చెల్లించారు. 2009లో ఆ ధర ఒక్కసారిగా 29 డాలర్లకు దిగింది. 2011లో కూడా ఇంచుమించు అంతే. 2012లో 20 డాలర్లు. 2013 అక్టోబరులో మావెరిక్స్ అనే కూర్పును ఊరకే ఇచ్చారు. అప్పటినుంచి మాక్ కూర్పులన్నీ ఉచితమే.

మైక్రోసాఫ్ట్‌వారు కూడా అదే దారి పట్టారు. 2012లో విండోస్ 8ను మొదటి మూడు నెలలు 40 డాలర్లకు ఇచ్చారు. తెరమీద ఎడమమూల అలవాటైన స్టార్ట్ బొత్తాన్ని తీసివేసినందుకు జనం విసుక్కుంటే, మరుసటి ఏడు 8.1 అనే కూర్పులో ఆ బొత్తాన్ని తిరిగి ఉచితంగా పెట్టి ఇచ్చారు. 2015 జులై 29న వచ్చిన విండోస్ 10ను, 7, 8.1 ఉన్నవారికి ఒక ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చారు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 కూడా, యోగ్యమైన యంత్రంలో 10 ఉన్నవారికి ఉచితమే.

ఈ ఔదార్యం ఎందుకు వచ్చిందని అడగవచ్చు. ఆపిల్‌వారు అమ్మేది యంత్రం. పెద్ద లాభం అందులోనే ఉన్నది. మైక్రోసాఫ్ట్‌వారికి కొత్త యంత్రాలు తయారుచేసేవారినుంచి రుసుము వస్తుంది. ఆఫీసు ప్రోగ్రాములకు ఏటా కట్టే చందాలు వస్తవి, ఫైళ్ళు దాచే చోటుకు అద్దె వస్తుంది. అందరూ ఒకే కూర్పుమీద ఉంటే వారికి మరమ్మతు ఖర్చు కూడా తగ్గుతుంది. కనుక ఉచితం అన్నమాట అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. గుమ్మందగ్గర టిక్కెట్టు తీసివేసి లోపల అంగళ్ళు పెట్టారన్నమాట.

మన అక్షరాన్ని తెచ్చిన కూర్పు

కొత్త కూర్పులన్నీ హంగులేనని కొట్టివేయడం కూడా న్యాయం కాదు. మనవంటి ప్రవాసాంధ్రులకు ఒక కూర్పువల్ల కలిగిన మేలు మరవరానిది.

ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సంఖ్య ఇచ్చే యూనికోడు పట్టిక మొదటి కూర్పు 1991లో వచ్చింది. అందులో తెలుగు ఉన్నది. కాని పట్టికలో ఉన్నంతమాత్రాన తెరమీద అక్షరం కనబడదు. ఒత్తులు, గుణింతాలు ఎక్కడ కూర్చోవాలో ఆపరేటింగ్ సిస్టముకు తెలియాలి. విండోస్ 2000లో దేవనాగరి వచ్చింది, తమిళం వచ్చింది. తెలుగు రాలేదు. 2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు గౌతమి అనే ఖతితో తెలుగు వచ్చింది. దానితోపాటు తుంగ అనే ఖతితో కన్నడమూ వచ్చింది. ఒడియా ఖతి కళింగ విస్టాతో 2007లో గాని రాలేదు. ఆపిల్ మాక్‌లో తెలుగు ఖతులు 2011 నాటి లయన్ కూర్పుతో వచ్చినవి.

దీన్ని మన ఊళ్ళకు అన్వయించి చూడండి. మద్రాసులో ఉన్న మన కుటుంబం తమిళంలో ఉత్తరం రాసుకోవడానికి విండోస్ 2000 సరిపోయింది. ఇంటి భాషలో రాసుకోవడానికి ఇంకొక కూర్పు ఎక్కవలసి వచ్చింది. బెంగుళూరు, బళ్ళారి, కోలారు కుటుంబాలకు ఇంటి భాష, ఊరి భాష రెండూ ఒకేసారి ఎక్స్‌పీతో వచ్చినవి. షోలాపూరువారికి మరాఠీ ముందు వచ్చింది, తెలుగు వెనక వచ్చింది. బరంపురం, రాయగడవారికి తెలుగు ముందు వచ్చి, ఊరి భాష ఆరేళ్ళు ఆలస్యమయింది. బళ్ళో తెలుగు చదువు లేని మన పిల్లలు, అమ్మమ్మకు తెలుగులో నాలుగు ముక్కలు కంప్యూటరుమీద రాయగలిగారంటే అది ఈ కూర్పుల చలవే. అప్పుడు 99 డాలర్లు పెట్టినవారు దండగ పెట్టారని మేము అనజాలము.

ఇందులోనుంచి ఒక కొలబద్ద దొరుకుతున్నది. కొత్త కూర్పు మన ఇంట్లో ఇదివరకు జరగని అవసరమైన పనిని జరిగేటట్లు చేస్తే దానికి డబ్బు పెట్టవచ్చు. జరుగుతున్న పనినే కొత్త రంగులతో చేయిస్తానంటే పెట్టనక్కరలేదు.

గోచీకోసం పిల్లి

కొత్త కూర్పు ఖరీదు పెట్టెమీద రాసిన అంకె మాత్రమే కాదు. గోచీని ఎలుకలు కొరుకుతున్నవని పిల్లిని తెచ్చి, పిల్లికి పాలకోసం ఆవును తెచ్చి, ఆవును మేపడానికి సంసారమే పెట్టుకున్న సన్యాసి కథ మనందరికీ తెలుసు. కంప్యూటరు విషయంలో ఆ సన్యాసి మనమే అయ్యే ప్రమాదమున్నది.

కొత్త కూర్పు వేస్తాము. యంత్రం నత్తనడక నడుస్తుంది. జ్ఞాపకశక్తి పెంచాలంటారు. అది పెంచితే, పాత ప్రింటరు పలకదు, ఎందుకంటే దానిని నడిపే చిన్న ప్రోగ్రామును కొత్త కూర్పుకు తగినట్లు ఎవరూ రాయలేదు. ప్రింటరు మారిస్తే, పాత స్కానరు మొండికేస్తుంది. ఇవన్నీ సర్దుకున్నాక, పదేళ్ళుగా జమాఖర్చులు రాసుకుంటున్న ప్రోగ్రాము తెరుచుకోదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది.

ఇందులో ఒక సాంకేతిక విషయం పాఠకులు గుర్తుంచుకోవాలి. విండోస్ 3.1 రోజులలో రాసిన ప్రోగ్రాములు చాలావరకు 16 బిట్లవి. నేటి 64 బిట్ల విండోసుమీద అవి అసలు నడవవు. విండోస్ 11లో 64 బిట్ల రకం తప్ప వేరేది లేదు. కాబట్టి ఆనాటి తెలుగు ప్రోగ్రాము ఏదైనా ఇంకా వాడుతున్నవారు, కొత్త కూర్పుకు మారిన మరుక్షణం దానిని పోగొట్టుకుంటారు. దీనికి పరిహారం డబ్బుతో దొరకదు.

అందుచేత మారకముందే ఒక కాగితం తీసుకొని, ఇంట్లో కంప్యూటరుకు తగిలించే వస్తువులన్నీ, అందులో రోజూ వాడే ప్రోగ్రాములన్నీ రాసుకోవాలి. ఒక్కొక్కదాని ఎదుట, కొత్త కూర్పుమీద నడుస్తుందా అన్నది తయారుచేసినవారి ప్రకటననుబట్టి విచారించి రాయాలి. ఆ జాబితాలో “నడవదు” అన్నమాట ఎన్నిసార్లు వచ్చిందో, అదీ అసలు ఖరీదు.

మరమ్మతు మానితే ఏమవుతుంది?

“ఇన్ని చిక్కులుంటే, ఉన్నదానితోనే కాలం గడుపుతాము, మరమ్మతులు రాకపోతే ఏమిటి?” అని కొందరు అంటారు. కంప్యూటరును ఇంటర్నెట్టుకు తగిలించకుండా వాడేవారికి ఆ మాట చెల్లుతుంది. తగిలించి వాడేవారికి చెల్లదు. దానికి నిదర్శనం 2017 మే 12న లోకమంతా చూసింది.

ఆ రోజున వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఒకటి బయలుదేరి, రెండు మూడు రోజులలో సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో దూరింది. దూరిన చోటల్లా ఫైళ్ళకు తాళం వేసి, తీయడానికి 300 డాలర్లు ఇమ్మన్నది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డవి. విచారించవలసిన సంగతేమంటే, అది దూరిన సందును పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్‌వారు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న ఉచితంగా పంపి ఉన్నారు. వేసుకున్నవారు నిశ్చింతగా ఉన్నారు. వేసుకోనివారు దొరికిపోయారు.

ఇంగ్లండు ప్రభుత్వ వైద్యశాలల అనుభవం ఇంకొక పాఠం చెప్పుతున్నది. 2014లో ఎక్స్‌పీకి మరమ్మతులు ఆగినప్పుడు, బ్రిటిష్ ప్రభుత్వంవారు తమ కార్యాలయాలకోసం ఇంకొక్క ఏడాది మరమ్మతులు పంపమని 55 లక్షల పౌనులకు పైగా చెల్లించారు. అది కొనుగోలు కాదు, అద్దె. ఏడాది తిరిగేసరికి మళ్ళీ మొదటికే వచ్చింది. 2017లో అక్కడి వైద్యశాలలు వాన్నాక్రై పాలయినప్పుడు విచారించి చూస్తే, చిక్కుకున్నవాటిలో ఎక్కువ భాగం ఎక్స్‌పీ యంత్రాలు కావు. ఉచిత మరమ్మతు అందుబాటులో ఉండి కూడా వేసుకోని విండోస్ 7 యంత్రాలు. అంటే, డబ్బు పెట్టడంకన్న శ్రద్ధ పెట్టడం ముఖ్యమన్నమాట.

మన భాషకు సంబంధించిన ముచ్చట కూడా ఒకటి ఉన్నది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోనులకు తెలుగు అక్షరమంటే దడ పుట్టింది. “జ్ఞా” అన్న అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన రీతిలో కూర్చి పంపితే, దానిని చూపించబోయి ఫోను ప్రోగ్రాములు కుప్పకూలిపోయేవి. తెలుగు రానివారు కూడా ఆకతాయితనానికి ఆ అక్షరాన్ని స్నేహితులకు పంపి ఏడిపించారు. ఫిబ్రవరి 19న ఆపిల్‌వారు 11.2.6 అనే మరమ్మతు పంపి ఆ లోపాన్ని తీర్చారు. అదీ ఉచితమే. జ్ఞానానికి మొదటి అక్షరాన్ని చూసి యంత్రాలు మూర్ఛపోయినవని అప్పుడు నవ్వుకున్నాము గాని, మరమ్మతు వేసుకోనివారికి అది నవ్వులాట కాదు.

ఇప్పుడు విండోస్ 10 ఉన్నవారు ఏమి చెయ్యాలి?

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. ఇళ్ళవారి ముందు నాలుగు దారులున్నవి.

మొదటి దారి, యంత్రం విండోస్ 11కు యోగ్యమైతే ఉచితంగా మారడం. దానికి కనీసం 4 జీబీల జ్ఞాపకశక్తి, 64 జీబీల నిలవచోటు, టీపీఎం 2.0 అనే రక్షణ చిప్పు కావాలి. ఇంటెల్‌వారి ప్రాసెసరు అయితే సాధారణంగా ఎనిమిదవ తరానిదో, ఆ తరువాతదో కావాలి. యోగ్యమా కాదా చెప్పే చిన్న ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్‌వారే ఉచితంగా ఇచ్చారు. యోగ్యమని తేలితే ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు. వీధి దుకాణంలో ఎవరైనా కొత్త కూర్పుకు ఖరీదు అడిగితే, వారు అడుగుతున్నది వేసిపెట్టినందుకు కూలి మాత్రమే.

రెండవ దారి, యోగ్యం కాని యంత్రానికి అదనపు మరమ్మతులు తెప్పించుకోవడం. 2025లో చేసిన ఏర్పాటు ప్రకారం ఇళ్ళవారికి ఇవి 2026 అక్టోబరు 13 వరకు. దానికి 30 డాలర్లు కట్టవచ్చు. లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో కంప్యూటరు అమరికలను వారి దగ్గర దాచుకుంటే డబ్బు లేకుండానే పొందవచ్చు. వ్యాపారసంస్థలకు మాత్రం ధర వేరు: యంత్రం ఒక్కింటికి మొదటి ఏడాది 61 డాలర్లు, రెండవ ఏడాది 122, మూడవ ఏడాది 244. మొత్తం 427 డాలర్లు. ఆ సొమ్ముతో సామాన్యమైన కొత్త యంత్రమే రావచ్చు. కాబట్టి ఈ దారి గడువు కొనుక్కోవడానికే గాని, కాపురం పెట్టడానికి కాదు.

మూడవ దారి, లినక్స్. ఫిన్లండులో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ పని, నేడు వేలమంది చేతులమీదుగా పెరిగి, ఉబుంటు, లినక్స్ మింట్ వగైరా పేర్లతో ఉచితంగా దొరుకుతున్నది. ఉబుంటులో దీర్ఘకాలపు కూర్పులకు ఐదేళ్ళు మరమ్మతులు ఉచితం. పదేళ్ళనాటి యంత్రంమీద కూడా సాధారణంగా సాఫీగా నడుస్తుంది. తెలుగు చూపిస్తుంది, తెలుగు కొట్టడానికి ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక ఉన్నది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు లినక్స్‌మీదనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. ఉత్తరాలు, వార్తలు, ఫోటోలు, లెక్కలు, విదేశంలోని మనవలతో ముఖాముఖి మాటలు — ఇవే పని అయిన ఇంటికి ఇది చాలు. విండోసుకే రాసిన ప్రోగ్రాము విధిగా కావలసినవారికి మాత్రం చాలదు. కొత్త అలవాటుకు ఒక నెల ఓపిక కావాలి. మార్చకుండానే పెన్‌డ్రైవుమీదనుంచి నడిపి రుచి చూసే సదుపాయమున్నది గనుక, నష్టమేమీ లేకుండా పరీక్షించవచ్చు.

నాలుగవ దారి, కొత్త యంత్రం కొనడం. అందులో విండోస్ ఖరీదు సాధారణంగా కలిసే ఉంటుంది. వేరే కొననక్కరలేదు. పాతది ముక్కుతూ మూలుగుతూ ఉంటే ఇదే మేలు. కాని పాతది గట్టిగా ఉండగా, చిప్పు ఒకటి లేదన్న కారణంగా చెత్తలో వేయడం మన ఇళ్ళ సంప్రదాయం కాదు. ముందు మూడవ దారి చూసి, తరువాతనే నాలుగవది చూడాలని మా సలహా.

ఐదవ దారి ఒకటి బజారులో కనబడుతున్నది. కొద్ది వందలకే విండోస్ తాళపుసంఖ్యలు అమ్ముతామనేవారున్నారు. పెద్ద సంస్థలకు ఇచ్చిన సంఖ్యలను చిల్లరగా అమ్మేవారు వారిలో ఉన్నారు. అవి ఏనాడు రద్దవునో చెప్పలేము. దొంగ కూర్పులను వేసి ఇచ్చేవారు ఇంకా ప్రమాదం. దొంగను కాపలా పెట్టుకొన్నట్లే.

యంత్రం మారేలోగా చేయవలసిన పని

మన సంఘాలకు, పాత తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి ఉన్నది. ఈ వ్యాసంలో మిగిలినదంతా మరచిపోయినా ఇది మరవవద్దని ప్రార్థన.

యూనికోడు వాడుకలోకి రాకముందు, 1990లలోను ఆ తరువాతా, మన పత్రికలు, పెళ్ళి శుభలేఖలు, సభ్యుల పట్టికలు, వంశవృక్షాలు పేజీమేకరులో అను వంటి తెలుగు ఖతులతో కూర్చినవే. ఆ ఫైళ్ళలో నిజానికి తెలుగు అక్షరాలు లేవు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే ఉన్నవి. ఖతి వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే తాతగారి పేరు ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా కనబడుతుంది. పేజీమేకరు ఏడవ కూర్పు 2001లో వచ్చింది. ఎనిమిదవది రాలేదు, రాదు. పాత యంత్రం ఆగిపోయిన రోజున ఆ ఫైళ్ళు ఉండీ లేనట్లే.

అందుచేత పాత యంత్రం ఊపిరితో ఉండగానే మూడు పనులు చెయ్యాలి. ఫైళ్ళన్నిటినీ ఖతులతో సహా రెండు వేరువేరు డిస్కులలోకి ఎక్కించి, ఒకటి ఇంట్లోను, ఒకటి బంధువుల ఇంట్లోను ఉంచాలి. ముఖ్యమైనవాటిని పీడీఎఫ్‌లుగా మార్చుకోవాలి. ఖతి అందులో ఇమిడిపోతుంది గనుక ఏ యంత్రంలోనైనా చదువుకోవచ్చు. ఆ తరువాత వీలునుబట్టి పాఠాన్ని యూనికోడులోకి మార్చాలి. దానికి మార్పిడి ప్రోగ్రాములున్నవి. మార్చినదాన్ని మాత్రం తెలుగు వచ్చిన మనిషి ఒకరు అక్షరం అక్షరం చూడాలి. సెలవులలో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చేస్తే, ఫైళ్ళూ దక్కుతవి, పిల్లలకు అక్షరాలూ వస్తవి. ఆ పాత యంత్రాన్ని ఇంటర్నెట్టు తీసివేసి, ఈ పనికోసమే ఒక మూల ఉంచుకుంటే తప్పులేదు.

ఈ పనికి పెద్ద ఖర్చేమీ కాదు. కాని ఇది చేయకుండా వేల రూపాయలు పెట్టి కొత్తది తెచ్చుకుంటే, కొత్త ఇంట్లోకి దిగుతూ దేవుడి పటాలు పాత ఇంట్లో వదిలి వచ్చినట్లవుతుంది.

మా అభిప్రాయం

తేల్చి చెప్పవలసి వస్తే మేము చెప్పేది ఇంతే. మరమ్మతులకు ఎన్నడూ వెనుదీయవద్దు, వచ్చిన వారంలో వేసుకోండి. కొత్త కూర్పుకు ఎన్నడూ తొందరపడవద్దు. పాతదానికి మరమ్మతులు ఆగే తేదీని పంచాంగంలో ఏకాదశి గుర్తు పెట్టుకున్నట్లు గుర్తు పెట్టుకొని, దానికి ఆరు నెలల ముందు యోచన మొదలుపెట్టండి. కొత్త కూర్పు మన ఇంట జరగని అవసరమైన పని జరిపిస్తే, మన భాషను తెచ్చినట్లు, అప్పుడు డబ్బు పెట్టడం సబబు. భద్రతకోసమే అయితే, ముందు ఉచితపు దారులన్నీ చూడండి. నేడు చాలావరకు అవే చాలును. గడువు కొనుక్కోవడానికి చెల్లించేది అద్దె అని తెలిసి చెల్లించండి. కేవలం కొత్తదన్న పేరుకోసం అయితే ఆ డబ్బుతో పిల్లలకు నాలుగు తెలుగు పుస్తకాలు కొనిపెట్టండి.

యంత్రం ఐదేళ్ళకో పదేళ్ళకో మారక తప్పదు. అందులో మనం దాచుకున్న పేర్లు, ఉత్తరాలు, ఫోటోలు మాత్రం మారకూడదు. సొంత ఊరు విడిచి తరాలు గడిచినా ఇంటిపేరు నిలుపుకున్న కుటుంబాలు మనవి. ఏ కూర్పు వేసుకున్నా, ఆ ఇంటిపేరు అందులో తెలుగు అక్షరాలలో కనబడుతున్నదా లేదా అని ముందు చూసుకోవలెనని పాఠకులకు మా మనవి.